ఉప్పుపేటను వదిలేసిన దగ్గు

జ్యేష్ఠ బహుళ విదియ

మా ఇంట్లో నాకు అలకెక్కువని పేరు. ఎవరైనా ఏదైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను, ఒక క్షణం ఆగుతాను. ఆ క్షణాన్ని అమ్మ అలక అంటుంది. వదిన పొగరు అంటుంది. పట్టా పుచ్చుకున్నాక వచ్చిన జబ్బు అని అన్నయ్య తేల్చేశాడు. అది నా వృత్తి అని ఒక్కరికీ తట్టదు.

ఈవేళ సెలవు కదా అని, సభ ఉండే కొలువుపేట నుంచి పడవెక్కి ఇంటికి వచ్చాను. గుమ్మంలో కాలు పెట్టగానే అమ్మ అడిగింది, "అన్నం పెట్టనా?" అని.

ఆగాను.

"సరే, తినకు. సభలో ఎవరి మీదో కోపం, నా పప్పు మీద చూపిస్తావా?" అని గిన్నె ఎత్తేసింది.

నా పని పెద్దల సభలో సెనేటర్ గంధం మార్తాండం గారి ప్రసంగాలకు ఆగులు రాయడం. ప్రసంగం యంత్రమైనా రాస్తుంది, ఎక్కడ ఆపాలో రాయడానికే మనిషి కావాలి. సెనేటర్ ఆగిన చోట సభ్యులు బల్లలు చరుస్తారు. ప్రతి బల్ల కిందా ఒక తూకం ఉంటుంది. చరుపు ఎంత గట్టిగా ఉంటే ఆ మాట అంత బలంగా పేటల్లోని యంత్రాలకు చేరుతుంది. మార్తాండం గారు "వంతెన బాగుచెయ్యాలి అధ్యక్షా" అని ఆగి, బల్లలు మోగితే, సాయంత్రానికి ఆ వంతెన కింద మరపడవ వచ్చి నిలబడుతుంది. మధ్యలో దస్త్రం లేదు, గుమాస్తా లేడు, రేపు రమ్మనేవాడు లేడు. మా తాతల తరం దీన్ని గొప్ప సంస్కరణ అంది. బల్లల కింద తూకాలు పెట్టారు గానీ సభ్యుల చెవుల సంగతి వాళ్ళు ఆలోచించలేదు. చరచని బల్లకు ఆ పూట హాజరు పడదు కనుక, సభలో నిశ్శబ్దం వినపడితే చాలు, ఎవరి కునుకు వాళ్ళు ఆపుకుని చరుస్తారు.

అమ్మ మాత్రం ఇరుగుపొరుగుకి "మా తరళ మాటల మధ్య ఖాళీలు పూరిస్తుంది" అని చెబుతుంది. నేను పూరించనమ్మా, పెడతాను అంటే, "ఏదో ఒకటిలే, జీతం ఇస్తున్నారుగా" అంటుంది.

చివరికి అన్నం పెట్టింది. పప్పు కంచంలో పోయగానే తూర్పు అంచుకి జారిపోయింది. పచ్చడి దాని వెనకే వెళ్ళింది. ఇంట్లో అందరూ కంచాల కింద తూర్పు వైపు ఎండుచేప ముక్క ఎత్తు పెట్టుకుని తింటున్నారు. రుబ్బురోలుని నేలకి మేకులతో బిగించారు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"నువ్వు కిందటిసారి అలిగి వెళ్ళినప్పట్నించీ," అంది వదిన.

పట్నంలోని పేటలన్నీ పీపాల మీద తేలుతూ ఒకదానికొకటి గొలుసులతో కట్టి ఉంటాయి. మా ఉప్పుపేటకి తూర్పు వైపు పీపాలు తుప్పుపట్టి నీళ్ళు పట్టేస్తున్నాయి. పేట పంచాయతీ అధ్యక్షుడు మా సింహాద్రి బాబాయే. చేతులు కడుక్కుంటూ నా పక్కన చేరాడు.

"అమ్మాయ్, ఆషాఢ పున్నానికి పెద్ద పోటొత్తాది. ఆలోగా కొత్త పీపాలు పడకపోతే తూర్పు వీధి తెల్లారేసరికి నీళ్ళల్లో ఉంటాది. మీ బల్లలాయన చేత ఒక్క మాట అనిపించవే. ఒక్కటి చాలు."

ఆగాను.

"అదిగో, అలిగింది," అన్నాడు బాబాయి, అమ్మ వైపు చూసి.

జ్యేష్ఠ బహుళ షష్ఠి

మార్తాండం గారు సభలో స్థానిక సంస్థల మీద మాట్లాడే మనిషి. వేరే వాళ్ళకు రక్షణ, ఆకాశం, మందుగుండు ఉంటే ఆయనకి వీధి దీపాలు ఉన్నాయి. ఆయన ప్రసంగాల సంపుటాలు నా గదిలో ఒక గోడ పొడవునా ఉంటాయి. దీపాల రంగు మీద, కుక్కల మెడపట్టీల మీద, పేట పంచాయతీ అధ్యక్షుడి కుర్చీకి చేతులుండాలా వద్దా అన్న దాని మీద. ఆ చివరిదాని మీద నాలుగు సమావేశాలు నడిచాయి. ప్రతి ప్రసంగమూ "స్థానిక సంస్థలు ప్రజాస్వామ్యానికి పట్టుగొమ్మలు అధ్యక్షా" అనే మొదలవుతుంది. ఈ తరంలో కొమ్మంటే ఏమిటో చూసినవాళ్ళు సభలో ముగ్గురో నలుగురో ఉంటారు.

ఉప్పుపేట సంగతి ఎత్తాను.

"అది ఏ వైపు?" అన్నారు.

"తూర్పు చివర సార్. మీ ఇంట్లో వాడే ఉప్పు అక్కడిదే."

"మంచి ఉప్పు," అన్నారు నిజమైన గౌరవంతో. "పీపాలంటే మాట్లాడొచ్చు. పీపాల మీద నేనింతవరకు మాట్లాడలేదు కదూ?"

"లేదు సార్."

"అయితే రాయి. ఎదుటివాళ్ళ వాదన ముందు చెప్పి, తరవాత దాన్ని కొట్టెయ్యాలి. అప్పుడు గంభీరంగా ఉంటుంది."

అలా రాయడం ఆయన సొంత పద్ధతి. పట్నంలో ఏ వాదనా లేని విషయానికి కూడా ఒక ఎదుటివాణ్ణి సృష్టించి ఓడిస్తారు. నేను రాశాను: "బాగుచెయ్యడం దండగ, ఉప్పుపేట గొలుసు విప్పి సముద్రానికి వదిలేయడమే మేలు అని గొణిగేవాళ్ళు ఈ పట్నంలో లేకపోలేదు అధ్యక్షా. వాళ్ళకి నా జవాబు ఒక్కటే. పున్నమిలోగా కొత్త పీపాలు వెయ్యండి!" అక్కడ పెట్టాను ఆగు. ఉన్నది అదొక్కటే. సభ్యుల చేతుల్లో బలమంతా దానికే మిగలాలని వేరే ఆగులు పెట్టలేదు.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సభ క్యాంటీన్‌లో ఏకాదశి పులిహోర చేశారు. ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా ప్రసాదం అని రెండు గరిటెలు తిన్నారు. మార్తాండం గారు మూడు తిన్నారు. ఎదురుగా అద్దంలో అక్షరాలు కదులుతుంటే చదవడం మొదలుపెట్టారు. బాగా చదివారు. గ్యాలరీలో బాబాయి చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు.

"బాగుచెయ్యడం దండగ, ఉప్పుపేట గొలుసు విప్పి సముద్రానికి వదిలేయడమే మేలు," అన్నారు మార్తాండం గారు. అంతే, పులిహోరలోని ఎండుమిరపకాయ గింజ గొంతులో అడ్డుపడింది. దగ్గారు. ఆపి మజ్జిగ గ్లాసు అందుకున్నారు.

సభలో నిశ్శబ్దం.

బల్లలు మోగాయి. ఈ సమావేశాల్లో అంత మోత నేను వినలేదు. పులిహోర తిన్న బలమంతా చేతుల్లోకి వచ్చింది. ముందు వరసలో నిద్రపోతున్న సభ్యుడు రెండు చేతులతో చరిచాడు.

అధ్యక్షుల వెనక పలక వెలిగింది: ఉప్పుపేట, గొలుసు విడుపు, ఆమోదం, అమలు ఆషాఢ పూర్ణిమ పోటుకు.

మార్తాండం గారు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, మిగతా వాక్యం చదివారు. "అని గొణిగేవాళ్ళు ఈ పట్నంలో లేకపోలేదు అధ్యక్షా. వాళ్ళకి నా జవాబు ఒక్కటే. పున్నమిలోగా కొత్త పీపాలు వెయ్యండి!" ఆగారు, నేను రాసిన చోటే. అప్పటికి అందరి హాజరూ పడిపోయింది. అరచేతులు మండుతున్నాయి. ఒకరిద్దరు మర్యాదకి గోటితో తట్టారు. పలక మారలేదు.

గ్యాలరీలో బాబాయి చప్పట్లు కొట్టాడు. పీపాలు వచ్చేశాయనుకున్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళి పలక చదివి వినిపించాను.

"ఇదేంటే తరళా," అన్నాడు. "పీపాలు అడగమంటే పేటనే వదిలించేశారేంటే?"

అమావాస్య

ఫరీదా సభలో బల్లల మెకానిక్. నా గది పక్కగదే. బల్లల కింద వెల్లకిలా పడుకుని పనిచేస్తూ రోజంతా సభ్యుల కాళ్ళు చూస్తుంది కనుక ఎవరి మొహం చూసినా భయం లేదు.

"చరిచింది వెనక్కి తియ్యలేవా?" అన్నాను.

"తియ్యలేను. నేను బల్లకి నూనె పెడతాను, అంతే. ముందు వరసలో ఆయనుంటాడే, బల్ల కింద చిన్న రోకలి కట్టించుకున్నాడు, నిద్రలో కాలితో తొక్కితే అదే చరుస్తుంది. దానికీ నూనె పెట్టమంటాడు. పెడతాను."

"మరి దారి?"

"రెండున్నాయి. ఒకటి, మేం వినకుండా చరిచాం అని సభ్యులు సభలో ఒప్పుకోవాలి." నవ్వింది. "రెండోది, ఆగు రాసినవాళ్ళ పొరపాటు అని రాసినవాళ్ళే ఒప్పుకోవాలి. అప్పుడు అధ్యక్షులు కొట్టేస్తారు. కానీ నువ్వక్కడ ఆగు పెట్టలేదుగా."

"పెట్టానని చెబుతాను."

"నీ పిచ్చి గానీ, మీ సెనేటర్ ఒప్పుకోవాలిగా."

మార్తాండం గారు ఒప్పుకోలేదు. నేను వెళ్ళేసరికి ఆయన బల్ల మీద అభినందనలు గుట్టగా ఉన్నాయి. ఉదయం నుంచి సభ్యులు ఒక్కొక్కరే లేచి, తాము చరచడానికి కారణాలు చెప్పుకుంటూ వచ్చారు. ఒకరు ఇది పేటల స్వేచ్ఛకు నాంది అన్నారు. ఒకరు గొలుసు అనేదే బానిసత్వానికి గుర్తు అన్నారు. మూడో ఆయన, తన జీవితంలో ఇంత శ్రద్ధగా ఏ ప్రసంగమూ వినలేదన్నారు. అబద్ధం కాదు, అది కూడా వినలేదు. అధ్యక్షులవారు రూలింగ్ ఇచ్చేశారు: "ఈ సభ ఆలోచించకుండా చరచదు. చరిచిన బల్లను చరచలేదనడానికి వీల్లేదు."

"సార్, అది దగ్గు," అన్నాను.

మార్తాండం గారు కళ్ళజోడు తీసి తుడిచారు. "చూడు తరళా. ఇన్నేళ్ళు దీపాల రంగు గురించి మాట్లాడాను. ఒక్కడైనా నా గదికి వచ్చి చెయ్యి కలపలేదు. పొద్దున్న రక్షణ సెనేటర్ వచ్చారు. 'సంపూర్ణ స్థానిక స్వపరిపాలన' అన్నారు. ఆ మాట నాదేనట."

"మీరు ఆ మాట అనలేదు సార్."

"అన్నంత పని చేశానుగా. దగ్గు అంటావు. మనసులో లేనిది గొంతులోకి వస్తుందా?"

మిరపగింజ వస్తుంది. ఆ మాట పైకి అనలేదు. ఆగాను, ఆయన దాన్ని గౌరవం అనుకున్నారు.

ఆషాఢ శుద్ధ తదియ

ఇంటికి వెళ్ళాను. పడవ రేవు దగ్గర నుంచే తెలిసిపోతోంది. పిల్లలు తూర్పు వీధిలో బంతి ఆడటం మానేశారు, వదిలితే అది తనే సముద్రంలోకి పోతుంది.

అమ్మ గుమ్మంలోనే మొదలుపెట్టింది. "మేం ఏదో అన్నామని, పేట మొత్తాన్ని వదిలించేస్తావా? ఇంత పంతమా?"

"అమ్మా, నేను రాయలేదు. ఆయన దగ్గాడు."

"దగ్గితే ఊళ్ళు పోతాయా? అబద్ధమైనా కాస్త అతికేలా చెప్పవే."

ఆమె మాట కాదనలేకపోయాను. ఎంత నిజమైనా అది అతికే నిజం కాదు.

గొలుసుతో పాటే మంచినీళ్ళ గొట్టం, కరెంటు తీగ, వైద్యుడి పడవ దారి. గొలుసు విప్పితే అన్నీ విప్పినట్టే. తూర్పున మునుగుతున్న పేట పోటు ఎటు తోస్తే అటు పోతుంది. పంచాయతీలో జనం కూర్చున్నారు, అందరూ పడమటి వైపే, అరుగు బరువు సరిచెయ్యడానికి. బాబాయి కేకలెయ్యడం లేదు. దానికే నాకు భయం వేసింది.

"నీకేం లేమ్మా," అన్నాడు. "నీకక్కడ గదుంది. ఒకటి చెప్పు చాలు. స్వపరిపాలనలో మంచినీళ్ళు ఎవరు పోత్తారు?"



తిరిగి వచ్చేటప్పుడు అమ్మ డబ్బాలో ఉప్పుచేప పెట్టి ఇచ్చింది. "అక్కడే ఉండు," అంది. "నువ్వు లేకపోతే బరువు తగ్గుద్దిలే ఈ పేటకి." వెటకారమో, బెంగో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంది.

ఆషాఢ శుద్ధ నవమి

మార్తాండం గారిని ఉప్పుపేటకి తీసుకొచ్చాను. చూస్తే మారతారని ఆశ. చదువుకున్నవాళ్ళకి ఉండే ఆశ.

రేవులో దిగగానే ఆయన తూర్పుకి వాలిపోయారు. ఇద్దరు పట్టుకున్నారు. ఫొటోలు తీసేవాడు కెమెరాని పేటతో పాటే వంచి తీశాడు. ఫొటోలో పేట నిటారుగా ఉంది, మార్తాండం గారు నిటారుగా ఉన్నారు, వెనక సముద్రం మాత్రం ఏటవాలుగా ఉంది.

"ఇక్కడి సముద్రంలోనే ఏదో లోపం ఉంది," అన్నారు ఫొటో చూసి.

ఉప్పు మడుల దగ్గర పోలమ్మ అత్త పార భుజాన పెట్టుకుని ఎదురొచ్చింది. వరసకి నాకు అత్త, పేటలో అందరికీ అత్తే.

"బాబూ, తవరు మమ్మల్ని వదిలేత్తన్నారంట కదా?"

"వదలడం కాదమ్మా. స్వేచ్ఛ. మీ పేటని మీరే ఏలుకోండి."

"ఏలుకుంటాం. మంచినీళ్ళో?"

"అదే స్వపరిపాలన తల్లీ. ఆ ప్రశ్నకి జవాబు మీరే వెతుక్కోవాలి."

"జవాబు తాగుతామా బాబూ?"

మార్తాండం గారు ముచ్చటపడిపోయారు. నా వైపు తిరిగి, "ఎంత చైతన్యం! రాసుకో, రాసుకో," అన్నారు. "పూర్ణిమ ముందు రోజు సభలో వీడ్కోలు ప్రసంగం ఉంటుంది. అందులో వాడదాం."

పోలమ్మ అత్త నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వా ఈయనకి రాసేది? మంచిగానే చదివించింది మీయమ్మ," అని పార మార్చుకుని వెళ్ళిపోయింది.

పడవలో మార్తాండం గారు ఉదారంగా ఉన్నారు. ముఖ్య లేఖకురాలి పదవి ఖాళీ అవుతోందన్నారు. కిటికీ ఉన్న గది. రెండు యంత్రాలు, ఒక కుర్రాడు కింద. "వీడ్కోలు ప్రసంగం బాగా రాయి. ఆగులు ఎన్ని పెడుతున్నావ్?"

"ఐదు సార్."

"ఆరు పెట్టు. ఇంత గొప్ప సందర్భానికి ఐదేమిటి?"

గదికి వెళ్ళి కొలువుపేట పటం తీసి చూశాను. కొలువుపేట అంటే సభ, కార్యాలయాలు, సభ్యుల నివాసాలు. దాని కింద పీపాలు రెండు వరసలు, ఏటేటా కొత్తవి. దాని గొట్టంలో మంచినీళ్ళు ఎప్పుడూ నిండుగా ఉంటాయి.

ఆరో ఆగు ఎక్కడ పెట్టాలో తెలిసింది.

ఆషాఢ శుద్ధ చతుర్దశి

మార్తాండం గారు చదవబోయేది ముందుగా చదవరు. "చదివితే నా ఆవేశం పోతుంది," అంటారు. అద్దంలో వస్తున్న వరస మీదే కళ్ళు, అర్థం తరవాతి వరసలో ఉంటుందన్న నమ్మకం.

మొదటి ఐదు ఆగులూ ఖాళీ పొగడ్తల దగ్గర పెట్టాను. పట్టుగొమ్మలు, స్వేచ్ఛ, పోలమ్మ అత్త చైతన్యం, మళ్ళీ స్వేచ్ఛ, ఉప్పు రుచి. వాటిలో ఒక్క పనీ లేదు కనుక యంత్రాలు కదలలేదు. సభ్యులు సుఖంగా తట్టారు. హాజరు ఆఖరి మోతకే పడుతుందని ఫరీదా అందరికీ ముందే చెప్పి ఉంచింది. అది నిజమే, ఆమె ఆ ఉదయమే అలా బిగించింది. నేనడిగాను, ఆమె కాదనలేదు. "రోకలాయన కాలు ఈసారి పనికొస్తుంది," అంది.

ఆరోది వచ్చింది.

"కనుక అధ్యక్షా," అన్నారు మార్తాండం గారు, గొంతు వణికిస్తూ. "ఈ మహత్తర యాత్రలో ఉప్పుపేట ఒంటరిగా వెళ్ళరాదు. కొలువుపేట తన గొలుసు, తన నీళ్ళ గొట్టం, తన కరెంటు తీగ ఉప్పుపేటకి కట్టి, ఈ సభ దాని వెంటే ఉండాలి!"

ఆగారు. ఈసారి దగ్గలేదు. పులిహోర కూడా లేదు.

బల్లలు పగిలేలా మోగాయి. హాజరు కదా.

పలక వెలిగింది. మార్తాండం గారు వెనక్కి తిరిగి దాన్ని చదివారు. పెదవులు కదుపుతూ ఒకసారి, కదపకుండా ఒకసారి. తరవాత గ్యాలరీలో నన్ను వెతికారు.

ఆషాఢ పూర్ణిమ

పోటు రాగానే యంత్రాలు పని చేశాయి. వాటికి కోపతాపాలు లేవు. పాత గొలుసు విప్పాయి, ఉప్పుపేట ఒక్కసారి ఊగింది, పోలమ్మ అత్త అన్ని దేవుళ్ళనీ తిట్టింది. మరపడవలు పేటని కొలువుపేట పక్కకి లాక్కొచ్చి, దాని లావుపాటి గొలుసుకి బిగించాయి. తూర్పు వీధి నీళ్ళు కార్చుకుంటూ పైకి లేచింది. మా ఇంట్లో కంచాల కింద ఎండుచేప ముక్కలు తీసేశారు.

కొలువుపేట కాస్త వాలింది. ఎక్కువ కాదు. అధ్యక్షులవారి సుత్తి బల్ల మీద నుంచి జారి ప్రతిపక్షం వైపు వెళ్ళింది, అది తెచ్చి పెడితే మళ్ళీ వెళ్ళింది. సభ్యుల మజ్జిగ గ్లాసులన్నీ ఒకే మూలకి చేరాయి. మొదటిసారిగా సభలో ఒక పేట వాలిపోవడం గురించి ఆవేశంగా చర్చ జరిగింది. పీపాల నాణ్యత మీద రక్షణ సెనేటర్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

సభ్యులు వెనక్కి తీసుకోవడానికి మాత్రం వీల్లేదు. చరిచిన బల్లను చరచలేదనడానికి వీల్లేదని రూలింగ్ ఉంది. ఇక మిగిలింది ఫరీదా చెప్పిన రెండో దారి, రాసినవాళ్ళే ఒప్పుకోవడం.

మార్తాండం గారు నా గదికి వచ్చారు. గుమ్మం పట్టుకుని నిలబడ్డారు, వాలకుండా.

"అమ్మా తరళా. రేపు సభ ముందు నిలబడి 'ఆ ఆగు నా పొరపాటు' అను. అంతే. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. కిటికీ గది నీదే. ఉప్పుపేటకి పీపాలు నేనే అడుగుతాను. వచ్చే సమావేశాల్లో."

"దగ్గితే సార్?"

"దగ్గను."

ఆగాను. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకుని, నా తల మీద చెయ్యి పెట్టి దీవించి వెళ్ళారు.

ఆషాఢ బహుళ పాడ్యమి

సభ మధ్యలో నిలబెట్టారు. అధ్యక్షులవారు సుత్తిని ఎడమచేత్తో ఆపి పట్టుకున్నారు.

"చెప్పమ్మా. ఆరో ఆగు పొరపాటేనా?"

గ్యాలరీలో బాబాయి, వదిన, అమ్మ. సభ ఇప్పుడు మా ఇంటికి నడిచి వచ్చేంత దూరంలోనే ఉంది కదా, కొబ్బరినూనె రాసుకుని, మంచి చీరలు కట్టుకుని వచ్చారు. అమ్మ నా వైపు చూసి పక్కావిడకి చెబుతోంది, నాకు వినపడుతూనే ఉంది. "అలిగింది చూడు. ఇప్పుడు నోరు విప్పదు."

"పొరపాటు కాదు అధ్యక్షా," అన్నాను. "కావాలనే పెట్టాను. పేట మునుగుతోంది, మీరు వినడం లేదు, అందుకని పెట్టాను. ఈ గొలుసు విప్పకూడదు."

ఇంకేం చెప్పడానికి లేదు. ఊరుకున్నాను.

సభలో నిశ్శబ్దం.

మొదట ముందు వరసలో రోకలి మోగింది. దాని వెనక రెండో వరస. ఆ తరవాత అందరూ. అధ్యక్షులవారు కూడా అలవాటుగా సుత్తి ఎత్తారు, అది చేతిలోంచి జారిపోయింది.

పలక వెలిగింది: గొలుసు విప్పకూడదు, ఆమోదం.

మార్తాండం గారు తల పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి లేచారు. "ఇది నేను మొదటి నుంచీ చెబుతున్నదే అధ్యక్షా," అన్నారు.

ఇంటికి వచ్చాను. అమ్మ గిన్నె పట్టుకుని నిలబడింది. "అన్నం పెట్టనా?"

"పెట్టు," అన్నాను వెంటనే.

కంచంలో పప్పు పోసిన చోటే ఉంది. అమ్మ దాన్నీ, నన్నూ చూసింది. "ఏమైంది నీకు? ఒంట్లో బాగాలేదా?" అంది.

నేను సభ ఉద్యోగం మానేశాను. నా గది తాళం ఫరీదాకిచ్చేశాను. రేపటి నుంచి బాబాయి పంచాయతీలో రాతపని చేస్తాను. అక్కడ ఎవరికీ ఆగులు రాయను.